అమెరికా వీపీలకు ఇంగ్లీషులో స్టేటస్ చెప్పడం: వ్యాకరణం చదవాలా, ఇంకేదైనా చేయాలా?

ప్రశ్న (టెస్టింగ్_లీడ్)

నమస్తే అండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ చూస్తున్నాను. వచ్చే నెల నుంచి డాలస్‌లో ఉండే ఇద్దరు వీపీలకు (వైస్ ప్రెసిడెంట్లకు) నెలనెలా ఐదు నిమిషాలు ప్రాజెక్టు స్టేటస్ చెప్పాలి. మెయిల్స్ బాగానే రాస్తాను, టీమ్‌తో మాట్లాడటానికీ ఇబ్బంది లేదు. పెద్దవాళ్లు మధ్యలో ఆపి ప్రశ్న వేస్తే మాత్రం, తెలుగులో వాక్యం కట్టుకుని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు ఆలస్యమైపోతోంది. గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చదవాలా? మూడు వారాల టైముంది.

గోదారి_గట్టు

గ్రామర్ పుస్తకం పక్కన పెట్టండి. చెప్పే వరస మార్చుకోవాలి.

మనం కారణాలన్నీ చెప్పి అసలు సంగతి చివర్లో చెబుతాం: "మంగళవారం సర్వర్ పడిపోయింది, డేటా రాలేదు, అందుకని రిలీజ్ రెండు రోజులు లేటవుతుంది." తెలుగులో క్రియ కూడా చివరే కాబట్టి వినేవాళ్లకు అలవాటే. ఇదే వరసను ఇంగ్లీషులోకి తెస్తే వీపీకి సర్వర్ గురించి ఎందుకు వింటున్నాడో తెలీదు, మధ్యలో ఆపుతాడు. మీ ఇంగ్లీషు బాగాలేక ఆపాడని మీరు కంగారు పడతారు.

ఒక్కో అంశానికి మూడు వాక్యాలు రాసుకోండి. "ది రిలీజ్ విల్ బీ టూ డేస్ లేట్." తర్వాత కారణం. తర్వాత వాళ్ల నుంచి మీకేం కావాలో. ఏ వాక్యమూ పన్నెండు మాటలు దాటొద్దు. ఐదు నిమిషాలిస్తే మూడు నిమిషాలకే సిద్ధం కండి. నిమిషానికి 120 మాటల చొప్పున 360 మాటలు చాలు, మిగతా టైము ప్రశ్నలకు. మొత్తం బట్టీ పట్టొద్దు. మధ్యలో ఆపితే ఎక్కడున్నారో దొరకదు. మొదటి రెండు వాక్యాలు, చివరిది మాత్రం నోటికి రావాలి. మిగతాది రోజూ ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ఒకే మాట దగ్గర రెండుసార్లు ఆగితే ఆ మాట తీసేసి తేలికైనది పెట్టండి.

అచ్చుతప్పు

పైన చెప్పింది నిజం. అయితే అర్థాన్నే తారుమారు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం వదలొద్దు.

అన్నిటికంటే పెద్దది "యెస్". "యూ హావెంట్ టెస్టెడ్ పేమెంట్స్ యెట్?" అని అడుగుతారు. చేయకపోతే మనం "అవునండి, చేయలేదు" అంటాం. ఆ అలవాటులో "యెస్" అని ఆగిపోతే, టెస్టింగ్ అయిపోయిందని అనుకునే ప్రమాదం ఉంది. "నో, వీ హావెంట్. వీ స్టార్ట్ ఆన్ థర్స్‌డే" అని పూర్తిగా చెప్పండి. అలాగే ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే "ఓకే ఓకే, యెస్ యెస్" అని ఊ కొడతాం. మనకది వింటున్నానని చెప్పడమే, వాళ్లకు ఒప్పుకున్నట్టు. "ఐ సీ" అంటే చాలు.

"ఐ హావ్ ఎ డౌట్" అంటే మీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపించవచ్చు. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి.

అంకెలు: థర్టీన్, థర్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి, "థర్టీన్, వన్ త్రీ" అని విడమరచండి. పన్నెండు లక్షల రికార్డులు "వన్ పాయింట్ టూ మిలియన్". కోటి అంటే పది మిలియన్లు. స్లైడ్‌లో 5/6 అని రాస్తే మనకు జూన్ 5, వాళ్లకు మే 6. నెల పేరు రాయండి.

"డిస్కస్ అబౌట్", "టుడే మార్నింగ్" లాంటివి దొర్లినా ఎవరికీ అర్థం చెడదు. కాల్‌లో వాటి గురించి ఆలోచిస్తే అసలు విషయం పోతుంది.

నల్లగొండ_పోరి

అమెరికా యాస పెట్టబోకుండ్రి. రెండు సంగతులు చాలు. మన మాటలు అచ్చుతో ముగుస్తయి కాబట్టి "టెస్టు", "బగ్గు" అని చివర ఉకారం కలుపుతం, అది తీసెయ్యాలె. రెండోది, మనం అన్ని అక్షరాలు ఒకే బరువుతో పలుకుతం. ఇంగ్లీషుల ఒక్క భాగం మీదనే ఒత్తు పడుతది: డెవలప్‌మెంట్‌ల "వె" మీద, కాంపొనెంట్‌ల "పో" మీద. మీ ప్రాజెక్టుల రోజూ వచ్చే 15 మాటలు ఏరుకొని కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ డిక్షనరీల స్పీకర్ గుర్తు నొక్కి వినుండ్రి.

ఇంకోటి, ప్రతి వాక్యానికి "సార్" వద్దు. అక్కడ పేరుతోనే పిలుస్తరు. మన మేనేజర్ గూడ కాల్‌ల ఉంటే అక్కడ ఆయన్ని పేరుతో పిలిచి, తర్వాత తెలుగుల "సార్" అనుడు ఏం తప్పు గాదు.

టెస్టింగ్_లీడ్

చాలా థాంక్స్ అండి. ప్రశ్నే అర్థం కాకపోతే?

గోదారి_గట్టు

"పార్డన్" అంటే అదే వేగంతో మళ్లీ అదే చెబుతారు. అర్థమైన ముక్క పట్టుకుని రెండు దారులు చూపించండి: "ఆర్ యూ ఆస్కింగ్ అబౌట్ ది కాస్ట్ ఆర్ ది డేట్?" జవాబు ఒక్క మాటలో వస్తుంది, మీకూ ఆలోచించడానికి నాలుగు సెకన్లు దొరుకుతాయి. కాల్ మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో అయితే లైవ్ క్యాప్షన్స్ (మాటలు తెరమీద అక్షరాల్లో కనిపించేవి) కూడా ఆన్ చేసుకోండి.

లెక్క తెలియకపోతే ఊహించి చెప్పొద్దు. "ఐ డోంట్ హావ్ దట్ నంబర్ నౌ" అని, ఎప్పటికి పంపుతారో వాళ్ల టైములో చెప్పండి. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మన రేపు పొద్దున తొమ్మిది వాళ్లకింకా ఈ రాత్రే. అందుకే "టుమారో మార్నింగ్" అని వదిలేయకుండా "బై నైన్ ఏఎం డాలస్ టైమ్, వెడ్నెస్‌డే" అనండి.