కోవర్కింగ్ స్పేస్‌కి మూడేళ్ల లాక్-ఇన్ ఒప్పుకోవాలా, ఆదాయంలో వాటా అడగాలా?

మూడో_అంతస్తు (కొండాపూర్)

కోవర్కింగ్ స్పేస్ (సీట్ల లెక్కన నెలవారీగా ఇచ్చే ఆఫీసు) పెట్టడానికి కొండాపూర్‌లో 6,000 చదరపు అడుగుల ఫ్లోర్ చూశాం. నెలకు అడుగుకు 60 రూపాయల అద్దె, 10 రూపాయల మెయింటెనెన్స్, ఆరు నెలల డిపాజిట్, ఏటా 5 శాతం పెంపు. వీటిలో దేనికీ పేచీ లేదు. పేచీ అంతా మూడేళ్ల లాక్-ఇన్ దగ్గరే. మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలంటున్నారు. మూడేళ్ల అద్దె కలిపితే 1.36 కోట్లు. మా దగ్గర సీటు తీసుకునేవాళ్లు మాత్రం నెల నోటీసిచ్చి వెళ్లిపోతారు.

లెక్క చెప్తాను, తప్పుంటే చెప్పండి. 90 సీట్లు, ఒక్కోటి 8,000. అన్నీ నిండితే 7.20 లక్షలు. అద్దె 3.60, మెయింటెనెన్స్ 60 వేలు, కరెంటు, నెట్, జీతాలు 1.80. అంటే 75 సీట్లు నిండితేనే ఖర్చులు వెళ్తాయి. అందుకే ఓనరుని ఇలా అడుగుదామనుకుంటున్నా: నెలకు కనీసం 2.40 లక్షలు గ్యారంటీ, లేదంటే వసూళ్లలో 55 శాతం, ఏది ఎక్కువైతే అది. సగమే నిండినా నెల నష్టం 2.40 లక్షల నుంచి 1.20కి తగ్గుతుంది.

మాదాపూర్_బిల్డింగ్

నాది ఓనరు వైపు మాట. మీ లెక్కే తీసుకుందాం. ఫ్లోర్ మొత్తం నిండితే నాకు వచ్చేది 3.96 లక్షలు, అంటే మామూలు అద్దె కంటే 36 వేలు ఎక్కువ. సగం నిండితే 1.20 లక్షలు తక్కువ. 82 సీట్లు నిండేదాకా నాకు అసలు అద్దె కూడా గిట్టదు. ఇందులో నేను ఒప్పుకోవడానికి ఏముంది?

పైగా చాలామంది ఓనర్లు అద్దె చూపించి బ్యాంకులో లోన్ తీసుకుంటారు. బ్యాంకు అడిగేది లీజు కాగితం, లాక్-ఇన్, స్థిరమైన అద్దె. "వసూళ్లను బట్టి వస్తుంది" అంటే లోన్ రాదు. మీ పార్టిషన్లు, ఫోన్ బూత్‌లు ఇంకో కంపెనీకి పనికిరావు. మీరు వెళ్లాక ఫ్లోర్ నెలల తరబడి ఖాళీగా ఉంటే ఆ నష్టం ఎవరిది? లాక్-ఇన్ దానికోసమే.

బెంజ్_సర్కిల్_డెస్కులు (విజయవాడ)

ఓనరు గారూ, మీ లెక్క మాదాపూర్‌కి సరిపోతుంది. మా ఊళ్లో పెద్ద ఫ్లోర్లకి గిరాకీ అంత లేదు. ఖాళీగా పడి ఉన్న అంతస్తుకి 2.40 లక్షలు కూడా కొత్త ఆదాయమే. వాటా పద్ధతి నడిచేది అలాంటి చోట్లే.

అయితే తమ్ముడూ, వాటా అడిగితే "వసూళ్లు" అంటే ఏమిటో మాత్రం కాగితం మీద రాసుకో. మాకు గొడవంతా అక్కడే వచ్చింది. మీటింగ్ రూమ్ గంటల అద్దె లెక్కలోకి వస్తుందా? శనివారం వర్క్‌షాప్‌కి హాల్ ఇస్తే? సభ్యులు కట్టిన డిపాజిట్? జీఎస్టీ తీసేసి లెక్కేస్తామా, కలిపా? ఇవన్నీ రాసుకుని, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓనరుకి చూసే లాగిన్ ఇచ్చాం. ఆ రోజు నుంచి మా మధ్య అనుమానం లేదు.

లీజు_పత్రాల_లాయరు

అద్దె ఎలా కట్టాలన్న చర్చ తర్వాత. ముందు ఈ ఒప్పందం నిలబడేలా ఉందా చూడండి.

మొదటిది సబ్-లెటింగ్. "అద్దెదారు మరెవరికీ ఇవ్వకూడదు" అన్న వాక్యం మామూలు లీజు నమూనాల్లో దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది. అది అలాగే ఉంటే మీ వ్యాపారమే ఒప్పంద ఉల్లంఘన. సభ్యులకు లైసెన్సు మీద సీట్లు ఇవ్వొచ్చనీ, వాళ్లు తమ కంపెనీ చిరునామాగా జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి వాడుకోవచ్చనీ స్పష్టంగా రాయించండి.

రెండోది రిజిస్ట్రేషన్. ఏడాది దాటిన లీజుకి 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు డ్యూటీ మిగులుతుందని వదిలేస్తే, సాధారణంగా ఆ లీజు నెలవారీ అద్దెగానే మిగులుతుంది, ఖాళీ చేయించడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. లక్షలు పోసి ఫిట్-అవుట్ (పార్టిషన్లు, వైరింగ్ లాంటి లోపలి పనులు) చేశాక 15 రోజుల నోటీసు అందుకునే పరిస్థితి రాకూడదు.

మూడోది, బిల్డింగ్ తాకట్టులో ఉందా? ఉంటే అదే చట్టం సెక్షన్ 65ఏ ప్రకారం, తనఖా పత్రంలో వేరేగా లేకపోతే, ఓనరు సొంతంగా ఇవ్వగల లీజు మూడేళ్లకు మించకూడదు. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా ఐదేళ్ల, తొమ్మిదేళ్ల లీజు మీద సంతకం పెట్టొద్దు.

ఇక లాక్-ఇన్. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి, కోర్టు ఇచ్చేది సముచిత పరిహారం. కానీ దానికోసం ఏళ్లు తిరగాలి. అందుకే ముందే రాసుకోండి: కొత్త అద్దెదారు వచ్చేవరకు లేదా నాలుగు నెలలు, ఏది ముందైతే అంతవరకే అద్దె.

ఫోర్స్ మేజర్ క్లాజు, అంటే మన చేతిలో లేని విపత్తు వస్తే ఏం చేయాలో చెప్పే షరతు, అది కూడా మరవొద్దు. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీ ఖాన్ మార్కెట్ షాపు కేసులో, ఒప్పందంలో అలాంటి క్లాజు లేకపోతే అద్దె ఆపడం కుదరదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. క్లాజు ఉన్నా అందులో "అద్దె నిలుపుదల" అన్న మాట ఉండాలి.

ఆడిటరు_ఒకరు

ఒక్క మాట. ఓనరుకి జీఎస్టీ నంబరు లేకపోయినా, మీకుంటే 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ ఛార్జ్ కింద, అంటే ఓనరు బదులు మీరే, కట్టాలి. సభ్యుల బిల్లుల మీద వసూలు చేసే జీఎస్టీలో సర్దుకోవచ్చు, కానీ మొదటి నెలల్లో సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. 3.60 లక్షల అద్దె మీద నెలకు 64,800 రూపాయలు పక్కన పెట్టుకోండి.

గచ్చిబౌలి_మేనేజ్డ్_ఆఫీస్

నేను వాటాకి వ్యతిరేకం. బాగా నడిచినప్పుడు వసూళ్లలో సగం పైన ఓనరుకి పోతే, రెండో బ్రాంచి ఎప్పుడు పెడతారు? స్థిర అద్దె తీసుకోండి, బేరం మాత్రం వేరే చోట ఆడండి.

అమెరికా కోవర్కింగ్ కంపెనీ వీవర్క్ సంగతి అందరూ చెప్తారు. 2019 జనవరిలో 47 బిలియన్ డాలర్ల విలువ కట్టిన కంపెనీ 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఏళ్ల తరబడి నడిచే లీజులు, నెలవారీ సభ్యులు, ఈ పొంతన లేకపోవడమే అక్కడి పెద్ద కారణాల్లో ఒకటి. మన దగ్గర ఆ పేరుతో నడిచేది ఎంబసీ గ్రూపు ఆధ్వర్యంలోని వేరే కంపెనీ, ఆ దివాలాలో అది లేదు. కాబట్టి లీజు పద్ధతే పనికిరాదనడం సరికాదు. కాలాలు కలవాలి. 90 సీట్లలో 40 సీట్లు ఏడాది, ఏడాదిన్నర లాక్-ఇన్‌తో చిన్న కంపెనీలకి ముందే ఇచ్చేయండి. మిగిలిన 50 నెలవారీ వాళ్లకి. అప్పుడు మూడేళ్లు అంత భయపెట్టదు.

ఇంకో విషయం, టేపు పట్టుకెళ్లి కొలవండి. 6,000 అంటే సూపర్ బిల్టప్, అందరూ వాడుకునే చోట్లలో వాటా కూడా కలిపిన లెక్క. లిఫ్టులు, మెట్లు, లాబీ తీసేస్తే కార్పెట్ ఏరియా 4,200 ఉండొచ్చు. అందులో 90 సీట్లు, రెండు మీటింగ్ రూములు, ప్యాంట్రీ పడతాయా? సాంక్షన్డ్ లోడ్ (కనెక్షన్‌కి మంజూరైన కరెంటు), జనరేటర్‌లో మీ వాటా ఎంతో కూడా అడగండి. ఫిట్-అవుట్‌కి అద్దె లేని మూడు నెలలు అడగండి. లాక్-ఇన్ సంతకం రోజు నుంచి మొదలైతే ఆ మూడు నెలలూ అందులోనే కలిసిపోతాయి, ఓనరు అద్దె మొదలైన రోజు నుంచి అంటాడు, గట్టిగా పట్టుబట్టండి.

మూడో_అంతస్తు (కొండాపూర్)

అందరికీ థాంక్స్. వాటా ఆలోచన మానేస్తున్నా. 36 వేలకి ఎదురుగా లక్షా ఇరవై వేలు పెట్టి మాదాపూర్ ఓనరు గారు చూపించాక, నేనైనా ఒప్పుకునేవాణ్ని కాదు. అడుగుకు 60 యథాతథంగా ఇస్తాను. బదులుగా 18 నెలల లాక్-ఇన్, ఆ తర్వాత మూడు నెలల నోటీసు అడుగుతా. మాదాపూర్ గారూ, ఓనరుగా మీరైతే దీనికి ఒప్పుకుంటారా?

మాదాపూర్_బిల్డింగ్

18కి ఒప్పుకోను. 24కి వస్తాను, ఒక షరతుతో: 24 తర్వాత మూడేళ్లు నిండకుండా వెళ్తే ఏసీలు, వైరింగ్, గాజు పార్టిషన్లు ముట్టుకోకుండా అక్కడే వదిలేసి వెళ్లాలి. తర్వాత వచ్చేవాళ్లకి అమర్చిన ఆఫీసుగా ఇచ్చుకుంటాను. లాయరు గారు చెప్పిన నాలుగు నెలల పరిమితి కూడా అప్పుడు నాకు అభ్యంతరం కాదు.