ఊరి పక్కనున్న అగ్నిపర్వతం ఎక్కనివ్వాలా, వద్దా?

బూడిదదారి:
2023 డిసెంబర్ 3, ఆదివారం. ఇండోనేషియాలో బుకిట్టింగి పట్టణానికి దగ్గర్లో ఉన్న మరాపి అగ్నిపర్వతం పేలింది. ఆ సమయానికి కొండ మీద 75 మంది ఉన్నారు. వాళ్లలో 24 మంది చనిపోయారు. అప్పటికి కొన్నేళ్లుగా ఆ కొండ నాలుగు స్థాయిల్లో రెండోదైన హెచ్చరికలోనే ఉంది. బిలానికి, అంటే కొండ నోటికి, 3 కిలోమీటర్ల లోపలికి వెళ్లొద్దనే సూచన కూడా ఉంది. అయినా ఎక్కడానికి పర్మిట్లు ఇస్తూనే వచ్చారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నేను కొండలు ఎక్కే మనిషినే. అయినా అగ్నిపర్వతాల శిఖరాలను మామూలు జనానికి పూర్తిగా మూసేయాలంటాను. జపాన్‌లో కగోషిమా నగరానికి ఎదురుగా, నాలుగు కిలోమీటర్ల సముద్రం అవతల సకురాజిమా ఉంది. దాని శిఖరం ఎక్కడం దశాబ్దాలుగా నిషేధం. 373 మీటర్ల ఎత్తులో ఉన్న యునోహిరా వ్యూ పాయింట్ దాకానే వెళ్లనిస్తారు. కొండను కళ్లారా చూడటానికి అది చాలు.

రాతిమెట్టు:
మరాపి విషయంలో మీతో వాదించను. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ పక్కన రంగిటోటో అనే అగ్నిపర్వత దీవి ఉంది, ఎత్తు 259 మీటర్లే. చివరిసారి పేలి సుమారు 600 ఏళ్లయింది. ఆ ప్రాంతంలో కొత్త పేలుడు సాధారణంగా కొత్త చోట పుడుతుంది, పాత బిలంలో కాదు. అంటే రంగిటోటో మూసినా ఎవరికీ రక్షణ పెరగదు. నేపుల్స్ దగ్గరి వెసూవియస్ చివరిగా పేలింది 1944లో. ఇప్పుడు టికెట్ తీసుకుని, వేసిన దారిలోనే బిలం అంచుదాకా వెళ్తారు. అలాంటి చోట కూడా తాళం వేస్తే గైడ్లు ఏం తిని బతకాలి? పైగా కొండ కింద కాపురం ఉండేవాళ్లకు దాని గురించి తెలిసేదే అలా ఎక్కినప్పుడు.

నిదానంగా:
మీరిద్దరూ పేలుడు గురించే మాట్లాడుతున్నారు. ఈక్వెడార్ రాజధాని క్విటో నుంచి కేబుల్ కారు ఎక్కితే దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో దింపుతుంది. అక్కడి నుంచి రుకు పిచించా శిఖరం 4,696 మీటర్లు. నేను నగరానికి వచ్చిన రెండో రోజే వెళ్లాను. గంటన్నర నడిచేసరికి తలనొప్పి, వాంతులు. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి ఉరుములు మొదలయ్యాయి. తోడు వచ్చినవాళ్లు చెయ్యి పట్టుకుని దించారు. 1999లో నగరం మీద బూడిద పోసింది పక్కనున్న గువాగువా పిచించా. నన్ను కింద పడేసింది మాత్రం ఎత్తు. ఊరి పక్కనే ఉంది కదా, సాయంత్రం షికారులాంటిదే అనుకుని వెళ్లడం నా తప్పు.

చివరిమలుపు:
రాతిమెట్టు గారూ, వెసూవియస్ దగ్గర మీరు ధైర్యంగా ఉన్నట్టే జపాన్‌లోని ఒంటకే అగ్నిపర్వతం మీద కూడా జనం ధైర్యంగానే ఉన్నారు. అది ఊరికి అంత దగ్గరి కొండ కాదు గానీ, ఇక్కడ చెప్పి తీరాలి. 2014 సెప్టెంబర్ 27, శనివారం, ఆకులు రంగు మారే కాలం, మధ్యాహ్నం కావస్తోంది. శిఖరం దగ్గర జనం భోజనాలకు కూర్చునే వేళ. హెచ్చరిక స్థాయి 1, అంటే అన్నిటికన్నా తక్కువది. ఆ రోజుల్లో ఒకటో స్థాయికి రాసుకున్న మాట ‘సాధారణం’. 63 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఎక్కువమందిని చంపింది లావా కాదు, పైనుంచి పడిన రాళ్లు.

అది ఆవిరి పేలుడు. నేల లోపలి నీరు కాగి, ఆవిరి ఒత్తిడికి పైనున్న రాయి పగిలిపోతుంది. లావా పైకి రానక్కర్లేదు కాబట్టి ముందస్తు సంకేతాలు చాలా తక్కువ. రెండు వారాల ముందు చిన్న కంపాలు పెరిగి తగ్గాయి. ఆఖరికి కొండ ఉబ్బడం పరికరాలకు తెలిసింది పేలుడుకు 7 నిమిషాల ముందు. తర్వాతి ఏడాది జపాన్‌లో ‘సాధారణం’ అనే మాట తీసేసి, ‘ఇది సజీవ అగ్నిపర్వతమని గమనించండి’ అనే అర్థం వచ్చేలా మార్చారు. నా దృష్టిలో నిషేధం కన్నా ముందు జరగాల్సింది అదే. ఎక్కేవాళ్లకు నిజం చెప్పాలి.

రాతిమెట్టు:
ఒప్పుకుంటాను. ‘సాధారణం’ అని చదివితే నేనూ ఎక్కేవాణ్ణి. అయినా నిజం చెప్పాక వెళ్లాలా వద్దా అన్నది ఎక్కేవాళ్లకే వదిలేయాలి.

బూడిదదారి:
రంగిటోటో గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆవిరి చిమ్ముతున్న బిలం దగ్గర ఎక్కేవాళ్ల ఇష్టానికి వదిలేయడం కుదరదు. ఆ 7 నిమిషాల కబురు పైనున్నవాళ్లకు వెంటనే అందిందనే అనుకుందాం. వదులు రాళ్ల దారిలో, ఎంత టెన్షన్‌తో పరుగెత్తినా, నేను దిగగలిగేది నాలుగు వందల మీటర్లు. ఒంటకేలో రాళ్లు కిలోమీటరు దాకా వచ్చి పడ్డాయి.