ట్రాలీ టైర్లకు నైట్రోజన్ కొట్టిస్తే లాభమా?

ప్రశ్న (కావలి): అన్నా, బొలెరో వెనక ట్రాలీ తగిలించి రొయ్యల మేత మూటలు చెరువుల కాడికి తోలతన్నా. ఈ ఎండలకి హైవే మీద టైరు పగులుద్దేమోనని భయం. నైట్రోజన్ కొట్టించమంటుండారు. కొట్టించేదా?

జవాబు (సింగరాయకొండ): కొట్టించెయ్. టైరు చల్లగా ఉంటది.

జవాబు (గూడూరు, టైర్ల పని): చల్లగా ఉంటదనేది నమ్మబాక తమ్ముడూ. మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉండాది. వేడెక్కితే ఏదైనా ఒకటే లెక్క. 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) ఉన్న టైరు పది డిగ్రీలు వేడెక్కితే రెండు, రెండున్నర పెరగాల్సిందే.

తేడా తేమ కాడ వస్తది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదలని షాపులో గాలి పట్టించి, వాల్వు పిన్ను నొక్కి చూడు, వేలికి తడి తగులుద్ది. ఆ తడికి రిమ్ము తుప్పు పడద్ది. నైట్రోజన్ పొడిగా ఉంటది, రబ్బరులోంచి కాస్త నిదానంగా దిగుద్ది. అంతవరకు నిజం.

ట్రాలీ టైరు ఎక్కువగా పగిలేది గాలి తక్కువై, బరువెక్కువై. పక్కగోడ మడతపడి మడతపడి వేడికి లోపలే దెబ్బతింటది. పొద్దున్నే బండి కదలకముందు గేజి పెట్టు. మధ్యాహ్నం వేడి మీద చూసి ఎక్కువుందని దించబాక. టైరు మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే కోడు చివర నాలుగంకెలు కూడా చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అంత పాతదైతే నైట్రోజన్ మాట పక్కనబెట్టి ముందు టైరు మార్చు.

ప్రశ్న (కావలి): నైట్రోజన్ ఉన్నదాంట్లో మామూలు గాలి కలపొచ్చా అన్నా?

జవాబు (గూడూరు): నిక్షేపంగా కలుపు. నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో మాత్రం తోలబాక.