సాయంత్రం చదువు ఊరి పనా, బడి పనా?

ఓరుగల్లు_పోరడు: పరకాల దిక్కు మా ఊళ్ళె డిగ్రీ పోరగాళ్ళం కలిసి పంచాయతీ వరండాల పొద్దుగూకినంక పిల్లలతోని కథల పుస్తకాలు చదివిపిస్తున్నం. మొన్న మూడో తరగతి పిల్లగాడు "కుక్క పండుకున్నది" అని గడగడ చదివిండు. అక్కడున్నది "కుక్కకు ఆకలేసింది". అరచెయ్యితోని బొమ్మ మూసిన. పిల్లగాడు నా మొఖం దిక్కు చూసిండు. ఇది ఊరు పట్టించుకోవాల్నా, బడికే వదిలెయ్యాల్నా?

బడిపంతులు: గుణింతాలు రాకముందే కథల పుస్తకం ఇస్తే ఇట్లే బొమ్మ చూసి చెబుతారు. 2022 ఆగస్టు నుంచి ఐదో తరగతి దాకా తొలిమెట్టు అని, చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం నడిపిస్తున్నాం. మాదొక వరస, మీదొక వరస అయితే పిల్లలు ఆగమవుతారు.

హంటర్‌రోడ్డు: పుక్యానికి మీరు చెప్తుంటే సర్కారు పోస్టులెందుకు నింపుతది?

ఓరుగల్లు_పోరడు: 1904ల హనుమకొండల రాజరాజ నరేంద్ర భాషా నిలయం అనే లైబ్రరీ పెట్టింది సర్కారు కాదన్నా, జనమే.

 

నర్సంపేట_అక్క: నేను బడి కమిటీ మెంబర్ని. చట్టం ప్రకారం కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్ళుండాలె. ఉన్నం. బడి గోడలకు సున్నమేసిన బిల్లు మీద సంతకం పెట్టిపిచ్చుకున్నరు గని, నీ బిడ్డకు చదువుడొస్తుందా అని ఒక్కలడగలే.

బడిపంతులు: అదంతా తర్వాత. గుణింతాలు చెప్తున్నారా లేదా?

ఓరుగల్లు_పోరడు: చెప్తున్నం సార్! బడిల మూడేండ్లు చెప్పినా రాలేదనే చెప్తున్నం!

బడిపంతులు: ఒక్కడినే ఐదు తరగతులు చూస్తున్నాను బాబూ. జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే పనికి టీచర్లను పంపొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్. 2024 నవంబర్‌లో ప్రైమరీ బళ్ళు ఒంటిపూట చేసి మమ్మల్ని ఇంటింటి సర్వేకు తిప్పారు. అప్పుడు మీ ఊరు ఎటు పోయింది? ఇంకో మాట. సాయంత్రం చదువు చెప్పే మీ ఇళ్ళల్లో పిల్లలు ఏ బడికి పోతున్నారు?

ఓరుగల్లు_పోరడు: మా అన్న బిడ్డ హనుమకొండల ప్రైవేటుకు పోతది. అయితేంది? వాళ్ళ పైసలు, వాళ్ళిష్టం.

నర్సంపేట_అక్క: గిదే అసలు ముచ్చట. మా దగ్గర గూడ గంతే. పొద్దుగాల ఊరి పిల్లలంత పసుపు బస్సెక్కి పోతరు, మిగిలేది కూలికి పోయేటోళ్ళ పిల్లలు. పత్తి ఏరి ఇల్లు చేరేసరికి చీకటైతది, మేమెప్పుడు చదివిపియ్యాలె? మీరు చెప్తే మంచిదే తమ్మీ, కాదంటలేను. కని మీ పరీక్షలొచ్చినప్పుడు ఆ వరండా తీసుండేది ఎవలు? మీ అన్న బిడ్డ గా బడిలనే ఉంటే మీ అన్న ఊకుంటుండెనా, ఎమ్మార్సీ, అంటే మండల విద్యా ఆఫీసు కాడికి పోయి కూసుంటుండె.

ఓరుగల్లు_పోరడు: అంటే ఇప్పుడు బంద్ చెయ్యమంటరా అక్కా?

నర్సంపేట_అక్క: నేనెక్కడన్న గట్ల?

హంటర్‌రోడ్డు: సార్, ఇంతకు మీ పిల్లలు ఏ బడిల చదివిండ్రు?

బడిపంతులు: అది నా సొంత విషయం. చర్చ గుణింతాల మీద.