ఏసీ వేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) పడిపోతోంది, మెకానిక్ ఏమో ఏసీ బాగానే ఉందంటున్నాడు. ఎక్కడ వెతకాలి?

అడిగినవారు, గుంటూరు:
అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఈ కరెంటుతో వేగలేకపోతున్నాం. మాది సొంతిల్లు, సింగిల్ ఫేజ్. పై పోర్షన్ అద్దెకిచ్చాం, దానికి మీటరు వేరే. మా డీబీలో (మెయిన్ స్విచ్‌లన్నీ ఉండే పెట్టెలో) 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసుంది. పగలు ఏ గొడవా లేదు. రాత్రి 8 దాటాక ఏసీ వేస్తే పది నిమిషాలకో గంటకో టప్పున పడుతుంది. ఎత్తితే ఒక్కోసారి నిలుస్తుంది, ఒక్కోసారి నిలవదు. ఏసీ మెకానిక్ విప్పి చూసి ఏమీ లేదన్నాడు. ఎలక్ట్రీషియనేమో ఆర్‌సీసీబీయే పోయిందని కొత్తది వేశాడు. రెండు రోజులు ఆగి మూడో రోజు మళ్లీ పడింది. ఇప్పుడు ‘ఇది తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా’ అంటున్నాడు. అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. అర్ధరాత్రి పడితే తెల్లారేదాకా మాకు తెలియదు, అదే టెన్షన్. డైరెక్ట్ ఇప్పించమంటారా?

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
డైరెక్ట్ మాత్రం వద్దండి. అలా చేస్తే జబ్బు అలాగే ఉంటుంది, చెప్పేవాడు పోతాడు, అంతే.

ముందు ఆర్‌సీసీబీ ఏం చేస్తుందో చూడండి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని లెక్క చూసుకుంటుంది. 5 ఆంపియర్లు వెళ్తే 5 రావాలి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే పడిపోయి తీరాలి. నిజానికి 15 దాటాక ఎక్కడైనా పడొచ్చు. ఆ తేడా ఎర్త్‌లోకి పోతూ ఉండొచ్చు, మనిషి ఒంట్లోంచీ పోతూ ఉండొచ్చు. ఎంసీబీ (డీబీలో ఒక్కో లైన్‌కి ఉండే చిన్న స్విచ్) ఇలాంటి లీకేజీని పట్టుకోలేదు, దాని పని ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ వరకే.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, స్విచ్ తెంపేది ఫేజ్‌ని మాత్రమే. గీజర్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మోటారు, టీవీ, వైఫై అన్నీ తీయాలి. తర్వాత డీబీలో ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఒక్కటే ఎత్తండి. ఓ గంట చూసి, నిలిస్తే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి. డీబీ మూత మాత్రం విప్పొద్దు. అన్నీ దించినా లోపలికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది.

నెల్లూరు నుంచి:
అంత శ్రమ దేనికండీ? మాకూ ఇలాగే ఉంటే 100 మిల్లీ ఆంపియర్లది వేయించుకున్నాం. మళ్లీ పడితే ఒట్టు.

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
పడదు అన్నగారూ, అదే కదా భయం. 100, 300 రకాలు వైరింగ్ కాలిపోకుండా కాపాడటానికి. మనిషిని కాపాడటానికి పెట్టేది 30దే. తడి చేత్తో గీజర్ ముట్టుకున్నప్పుడు 60 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతున్నా మీ 100ది కదలకపోవచ్చు. వీలైనంత త్వరగా మార్పించండి.

అడిగినవారు, గుంటూరు:
మీరు చెప్పినట్టే చేశాను. ప్లగ్గులన్నీ పీకాను, ఎంసీబీలన్నీ దించాను. ఇల్లంతా చీకటి, సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని డీబీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 9.40కి నా కళ్ల ముందే పడింది! ఏదీ ఆన్‌లో లేకుండా ఎలా పడుతుందండీ? మా ఆవిడ శాంతి చేయిద్దామంటోంది.

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
శాంతి తర్వాత చేయిద్దురుగాని. మీ కుర్చీ వృథా కాలేదు, సగం దారి దొరికింది. మీది న్యూట్రల్ గొడవ.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి సింగిల్ పోల్ ఎంసీబీలు. దించితే ఫేజ్ తెగుతుంది, న్యూట్రల్ తెగదు. అన్ని లైన్ల న్యూట్రళ్లూ డీబీలో ఒకే లింక్ పట్టీకి బిగించి ఉంటాయి. ఏదో ఒక లైన్ న్యూట్రల్ వైరు ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది. ఆ లైన్ ఎంసీబీ దించినా తగలడం ఆగదు.

మరి ఏసీ వేస్తేనే ఎందుకు పడుతోంది? న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మామూలుగా వోల్టేజీ పెద్దగా ఉండదు, అందుకే పగలు ఊరుకుంటోంది. ఏసీ వేస్తే న్యూట్రల్‌లో కరెంటు పెరిగి ఆ వోల్టేజీ రెండు మూడు వోల్టులైనా లేస్తుంది. తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కాస్త ఎర్త్ దారి పడుతుంది. రాత్రి వీధిలో అందరూ ఏసీలు వేసినా అదే వరస, మీ ఇంట్లో అన్నీ ఆపి ఉన్నా సరే. ఏసీ నిర్దోషి. నాకైతే మీ పాత ఆర్‌సీసీబీ కూడా నిర్దోషే అనిపిస్తోంది.

ఈ మధ్య గోడకు మేకులు కొట్టారా? డ్రిల్లింగ్, కొత్త ఫ్యాను, కొత్త లైటు లాంటివి ఏమైనా జరిగాయా?

అడిగినవారు, గుంటూరు:
అలాంటివేమీ లేవండి. నెల కిందట చెల్లి పెళ్లికి ఇంటికి రంగులు వేయించాం, అంతే.

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
అంతే అంటారేంటండీ! రంగులేసేవాళ్లు బయటి లైట్లు విప్పి మళ్లీ బిగించి ఉంటారు. మెగ్గర్ (వైరు తొక్కు బాగుందో లేదో కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మామూలు టెస్టరుతో ఇది దొరకదు. మెయిన్ ఆపి, లింక్ పట్టీ నుంచి న్యూట్రళ్లు ఒక్కొక్కటిగా విప్పి ఎర్త్‌తో కొలవమనండి. ప్లగ్గులన్నీ పీకే ఉండాలి. బాగున్న వైరు మెగోములు, అంటే చాలా పెద్ద రీడింగ్, చూపిస్తుంది, తప్పున్న దాని దగ్గర రీడింగ్ సున్నాకి పడిపోతుంది. ‘ఎర్త్ సరిగా లేదు, అందుకే పడుతోంది’ అంటే మాత్రం నమ్మొద్దు. ఎర్త్ లేకపోతే లీకేజీకి దారే ఉండదు, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా అది ఊరికే కాచుకుని ఉంటుంది.

అడిగినవారు, గుంటూరు:
దొరికిందండీ! వేరే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. తొమ్మిది న్యూట్రళ్లలో ఎనిమిది బాగున్నాయి, వరండా లైన్ మాత్రం సున్నా. గేటు స్తంభం మీది ఇనప లైటు విప్పాడు. పాత స్క్రూ పోయిందేమో, రంగులవాళ్లు అంగుళంన్నర స్క్రూ బిగించారు. అది వెనక నల్ల వైరు తొక్కును చీల్చుకుని రాగికి ఆనుకుని ఉంది. లైటు డొప్పకు ఎర్త్ ఇచ్చి ఉంది కాబట్టి స్క్రూ ద్వారా న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయాయి. వైరు ముక్క మార్చి, పొట్టి స్క్రూ వేశాడు. మొత్తం ముప్పావు గంట పని. ఆ స్క్రూ దాచాను, మా ఆవిడకు చూపించాను.

హైదరాబాద్ నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది ఫ్లాట్. ఇన్వర్టర్ పెట్టించిన రోజు నుంచి ఏ ఫ్యాను వేసినా ఆర్‌సీసీబీ పడుతోంది. ఇదీ స్క్రూ సంగతేనా?

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
పెట్టిన రోజు నుంచే అంటే కనెక్షన్ తప్పై ఉంటుందండి. ఇన్వర్టర్‌కి ఫేజ్ ఆర్‌సీసీబీ తర్వాత నుంచి, న్యూట్రల్ దాని ముందు నుంచి తీసుకుని ఉంటారు. వెళ్లిన కరెంటు వేరే దారిన తిరిగొస్తే దాని లెక్క తప్పుతుంది కదా. పెట్టినవాళ్లనే పిలిచి రెండూ ఒకే వైపు నుంచి ఇమ్మనండి.

ఏలూరు నుంచి:
మాకు పొద్దున గీజర్ వేస్తేనే పడుతుంది సార్, అదీ వేడెక్కాక.

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
బోరు నీళ్లా? ఎలిమెంటు మీద సున్నం కట్టి దాని లోహపు తొడుగు చిట్లి ఉంటుంది. కొత్త ఎలిమెంటు వేయించండి. ఎర్త్ పిన్ విరగ్గొట్టి వాడమనే సలహా ఎవరైనా ఇస్తే వినొద్దు. అప్పుడు డొప్పకీ నీళ్లకీ కరెంటు వస్తుంది.

అడిగినవారు, గుంటూరు:
పన్నెండు రోజులైంది, ఒక్కసారీ పడలేదు. ఏసీ రాత్రంతా నడుస్తోంది. అనవసరంగా తీయించిన పాత ఆర్‌సీసీబీ అలమరలో పడుంది. ఏం చేయమంటారు?

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
పై పోర్షన్‌లో ఆర్‌సీసీబీ ఉందా?

అడిగినవారు, గుంటూరు:
లేదండి.

వైరింగ్ పనిచేసేవాణ్ని, రాజమండ్రి:
అయితే అక్కడ పెట్టించండి. బిగించాక కరెంటు ఇచ్చి టెస్ట్ బటన్ నొక్కి చూడమనండి, వెంటనే పడితే పెట్టుకోవచ్చు. నెలకోసారి ఆ బటన్ నొక్కమని అద్దెకున్నవాళ్లకు చెప్పండి. పనిలో పనిగా మీదీ నొక్కండి.