మరుపుకు మాత్ర వేయాలా, వద్దా?

బైరాగిపట్టెడ అబ్బాయి: మా అమ్మకు 71. ఈ మధ్య మరుపు ఎక్కువైంది. నిన్న చూస్తే కొంగుకు రెండు ముళ్ళు. "ఏందిమా ఇవి?" అంటే ఒకటి పాలవాడి లెక్కకంట, రెండోది దేనికో ఎంతకీ తట్టలేదు. ఆమె నవ్వేసింది, నాకే నవ్వు రాలేదు. పక్కింటాయన డోనెపెజిల్ అనే మరుపు మాత్ర తెచ్చి వేయమంటాడు. వేయొచ్చునా?

లెక్కల మాస్టారు: వేయి నాయనా. సుగర్‌కు, బీపీకి జీవితాంతం మింగడం లేదా? మా ఇంటామెకు ఆల్జీమర్స్, అదే మతిమరుపు జబ్బు, అని తేలినప్పట్నుంచి అదే మాత్ర. మనవడి పేరు ఇంకా పలుకుతా ఉంది.

పీలేరు మందులంగడి: మాస్టారూ, మీ ఇంట్లో జబ్బు తేలింది, డాక్టరు రాసిచ్చినాడు. ఇక్కడ ఏమీ తేలనేలేదు. 1996లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది ఆల్జీమర్స్‌కే. మెదడులో అసిటైల్‌కోలిన్ అనే జ్ఞాపకానికి కావాల్సిన రసాయనం తొందరగా విరిగిపోకుండా చూస్తుంది, జబ్బు ముదరడాన్ని ఆపదు. కొద్దిపాటి మరుపున్న 769 మందితో చేసిన పరిశోధన 2005లో అచ్చయింది. మొదటి ఏడాది కొంత ఆసరా కనిపించింది, మూడేండ్లకు ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా లేదు. పైగా విరేచనాలు, కొందరికి నాడి నెమ్మదించడం.

చంద్రగిరి చిన్నక్క: సరస్వతాకు పొడి? పరీక్షలప్పుడు మా అవ్వ తేనెలో నాకించేది.

పీలేరు మందులంగడి: పాసయినావా అక్కా?

చంద్రగిరి చిన్నక్క: లెక్కల్లో పోయింది. మాస్టారు చదవకండి.

లెక్కల మాస్టారు: చదివినా! సరే, 2023లో లెకానెమాబ్ అనే కొత్త మందు వచ్చింది కదా. పరిశోధన ముందుకు పోతా ఉంటే మీరు వెనక్కి లాగుతారేం?

పీలేరు మందులంగడి: అదీ తొలిదశ ఆల్జీమర్స్‌కే సార్. పరిశోధనలో రెండు వారాలకోసారి నరానికి ఎక్కించినారు. 18 నెలలయ్యాక, జబ్బు తీవ్రతను చూసే 18 పాయింట్ల కొలతలో ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా 0.45. మెదడు వాచిందేమోనని మధ్యమధ్యలో ఎమ్మారైలు. అబ్బాయ్, ముందు అమ్మ మందుల కవరు కుమ్మరించి చూడు.

బైరాగిపట్టెడ అబ్బాయి: చూసినా అన్నా. సుగర్‌కు మెట్‌ఫార్మిన్ పన్నెండేండ్లుగా. ఎప్పుడో జలుబుకిచ్చిన క్లోర్‌ఫెనిరమైన్ కూడా, బాగా నిద్ర పడుతుందని రోజూ రాత్రి.

పీలేరు మందులంగడి: అదిగో! మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, దాంతోనూ మరుపు రావచ్చు. ఆ జలుబు మాత్ర అసిటైల్‌కోలిన్ పనికే అడ్డం పడుతుంది, పెద్దవాళ్ళకు తల మొద్దుబారుతుంది. రెండూ డాక్టరుకు చూపించి బి12, థైరాయిడ్ పరీక్షలు అడుగు. సుగర్ మాత్ర మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు.

లెక్కల మాస్టారు: అవన్నీ సరిచేసినా మరుపు తగ్గకపోతే? అప్పుడైనా వేయనిస్తారా?

పీలేరు మందులంగడి: డాక్టరు రాస్తే నేనే ఇస్తా సార్, నా అంగడి నడిచేదే దాంతో.

బైరాగిపట్టెడ అబ్బాయి: బుధవారం పోతాం. రెండో ముడి దేనికో అమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది. జలుబు మాత్రలు అయిపోయినాయంట, తెమ్మని నాకు చెప్పాలని.