ఎగిరే ఫొటో కోసం రాజహంసల్ని లేపడం తప్పా?

పెన్నగట్టు:
నెల్లూరు కెమెరా మిత్రుల మధ్య చలికాలం వస్తే ఇదే గొడవ. పులికాట్‌లో రాజహంసల (ఫ్లెమింగోల) గుంపు ఒక్కసారిగా లేచిన ఫొటో ఒకరు పెడతారు. "వాటంతట అవే లేచాయా, నువ్వు లేపావా?" అని ఇంకొకరు అడుగుతారు. అక్కడి నుంచి మాటామాటా పెరుగుతుంది. 2022లో పులికాట్, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయినా మనకు ఆదివారం దారి ఇప్పటికీ అదే. కాబట్టి ఇక్కడే తేల్చుకుందాం. నీళ్ళలోకి దిగి, చప్పట్లు కొట్టి, రాయి విసిరి, డ్రోన్ పంపి పిట్టల్ని లేపడం తప్పా, కాదా?

మైపాడు రోడ్డు:
నన్నడిగితే తప్పేం లేదు. రాజహంస మేసేటప్పుడు దూరానికి తెల్లగానే కనిపిస్తది. ఎరుపంతా రెక్క మడతలో ఉంటది, రెక్క విప్పితే గానీ బయటపడదు. ఆ ఎరుపూ, దాని పక్కన నల్ల అంచూ చూసేదానికే గదా మనం పోతుండేది! పడవలు వాటి పక్కనే పోతుండాయి, శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే షార్ రోడ్డు మీద బస్సులు హారన్ కొడతానే ఉండాయి. కెమెరా వాడు నాలుగడుగులు వేస్తేనే కొంప మునిగిందా? కాసేపుంటే మళ్ళీ దిగి మేస్తాయి. అట్టాంటి ఫొటో చూసే గదా పిల్లకాయలకు పిట్టల మీద ఇష్టం పుట్టేది.

దొరవారిసత్రం:
అన్నా, రంగు సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. బస్సు మాటే ఒప్పుకోను. బస్సు రోజూ ఒకే దారిన పోతుంది, నీళ్ళలోకి దిగదు. పిట్టలు దానికి అలవాటు పడిపోతాయి. మనిషి రోడ్డు దిగి తమ వైపే నడిచొస్తే అది వేరే లెక్క.

గుంపు అంచున ఉన్న పక్షిని లెన్సులో పట్టి చూడు. తల కిందులుగా నీళ్ళలో పెట్టి, నాలుకతో నీళ్ళు లాగి బయటికి తోస్తూ, చిన్నచిన్న పురుగులూ నాచూ వడకట్టుకుంటుంటుంది. నువ్వు దగ్గరయ్యే కొద్దీ ముందు ఆ తల పైకొస్తుంది. పక్కవాటి మెడలూ నిటారవుతాయి. తర్వాత అన్నీ ఒకే వైపు తిరిగి నడక మొదలెడతాయి. ఆ తర్వాతే పరుగు, ఎందుకంటే అంత పెద్ద పక్షి నీళ్ళ మీద కొంత దూరం పరిగెత్తితే గానీ గాల్లోకి లేవలేదు. నీ ఫొటోలో కనిపించేది ఆ చివరి ఘట్టమే. మేత మాత్రం తల ఎత్తినప్పుడే ఆగిపోయింది. నువ్వు లేపింది ఒకసారే కావచ్చు. నీ వెనకొచ్చినవాడు ఇంకోసారి లేపుతాడు, సంక్రాంతి సెలవుల్లో అయితే చెప్పే పనే లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్నదానికి ఇచ్చిన అర్థంలోనే తరమడం, ఎర వేయడం ఉన్నాయి. అభయారణ్యంలో జంతువుల్ని వేధించకూడదని 27వ సెక్షన్ విడిగా చెబుతుంది. చేతిలో తుపాకీ లేదు గదా అంటే కుదరదు.

నేలపట్టులో ఇదే పని చేస్తే ఇంకా దారుణం. అది 1976 నుంచి అభయారణ్యం. నీళ్ళలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళుంటాయి. తల్లి బెదిరి లేచిపోతే ఈకలు రాని పిల్ల ఎండకు మాడుతుంది, కాకి కాచుకునే ఉంటుంది. పిట్టల రెట్ట కలిసిన నీళ్ళు పైరుకు బలమని ఆ ఊరివాళ్ళు వాటిని తరాలుగా కాపాడుకున్నారు. పిట్టలంటే ప్రాణమని చెప్పుకునే మనం వాళ్ళ పాటి జాగ్రత్త కూడా పడకపోతే ఎట్టా?

కొత్తపట్నం:
చట్టం చెబితే ఎవరూ వినరు గానీ, లేపకుండా ఎగిరే ఫొటో ఎలా వస్తుందో చెప్పండి. నాకు దొరికేది ఆదివారం ఒక్క పూట.

దొరవారిసత్రం:
పెద్ద పక్షులు గాలికి ఎదురు లేస్తాయి. ఈ కాలంలో మనకు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దున్నే గుంపుకు తూర్పు పక్క చోటు చూసుకుంటే గాలీ ఎండా రెండూ నీ వీపునే ఉంటాయి, లేచిన పక్షి నీ వైపుకే వస్తుంది. పైన గద్ద తిరిగినా, మేసే చోటు మారాలనిపించినా అవే లేస్తాయి. షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టుకుని రోడ్డు మీదే ఉండు.

అసలు ఎగిరే పిట్ట కోసం పులికాట్ దాకా పోనక్కర్లేదు. కోవూరు, ఇందుకూరుపేట వైపు నాట్లకు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ వెనక చూడు. బురదలోంచి బయటపడ్డ పురుగుల కోసం తెల్లకొంగలు ఇనుప చక్రాల పక్కనే నడుస్తుంటాయి. ట్రాక్టర్ మలుపు తిరిగినప్పుడల్లా లేస్తాయి, మళ్ళీ అక్కడే వాలతాయి. రైతును ఒక మాట అడిగి గట్టు మీద కూర్చో. నల్లటి బురద ముందు తెల్ల ఈక గీతలు పోతాయి, అందుకని ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకో. పూట చాలు.

మైపాడు రోడ్డు:
దమ్ము మడి సంగతి బాగుంది, ఈ వారమే పోతా. అయినా గద్ద లేపితే ఒప్పు, నేను లేపితే తప్పా? అది మాత్రం నా బుర్రకు ఎక్కడంలా.

దొరవారిసత్రం:
గద్ద కడుపు కోసం వస్తుందన్నా. అది రాకుండా ఆపలేం. మనం ఆగగలం.

పెన్నగట్టు:
ఇకపై ఇక్కడ పెట్టే ప్రతి ఎగిరే ఫొటో కింద పక్షులు ఎందుకు లేచాయో ఒక్క ముక్క రాద్దాం. ఒప్పుకుంటారా?

మైపాడు రోడ్డు:
రాస్తాం సరే. అబద్ధం రాసేవాణ్ణి ఎట్టా పట్టుకుంటారు?

దొరవారిసత్రం:
చాలాసార్లు ఫొటోయే చెప్పేస్తుంది. తరిమిన పక్షి మనిషికి దూరంగా పారిపోతుంది, అందుకే ఆ ఫొటోల్లో వీపులూ తోకలూ కాళ్ళే ఎక్కువ. ముఖాలు కనపడవు.